ధాన్యం కోసం కట్టిన చోట మనుషులు కూర్చోవాలంటే

(పాత వ్యవసాయ కట్టడాలను అందరూ వాడుకునే వేదికలుగా మార్చడం గురించి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు నా మాట వినిపిస్తోందా? చెయ్యెత్తండి చాలు. సరే, మంచిది. మాట వినపడటం అనేది ఇవాళ్టి విషయంలో పెద్ద భాగం. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

మీలో చాలామంది ఇక్కడికి ఎందుకు వచ్చారో నాకు అర్థమవుతోంది. మీకు తెలిసిన చోట ఒక పాత కొట్టం ఉంది. ఒకప్పుడు అందులో ధాన్యం పోసేవాళ్లు, గడ్డి దాచేవాళ్లు, లేదంటే పశువుల్ని కట్టేవాళ్లు. ఇప్పుడు యంత్రం కోసేస్తోంది, ధాన్యం పొలం నుంచే లారీ ఎక్కుతోంది, పశువులు తగ్గాయి. కొట్టం ఖాళీగా ఉంది. అదే ఊళ్లో నలుగురు కూర్చోవడానికి చోటు లేదు. పిల్లలు చదువుకోవడానికి లేదు, పెద్దవాళ్లు సాయంత్రం కలుసుకోవడానికి లేదు, మీటింగ్ పెట్టుకోవడానికి లేదు. ఇవి రెండూ చూస్తున్నప్పుడు ఎవరికైనా తట్టేది ఒకటే. దాన్నే బాగుచేసుకుంటే పోలా?

నేను దీనికి పూర్తిగా అనుకూలం. ఉన్నదాన్ని కూల్చి కొత్తది కట్టడం నాకు ఎప్పుడూ మనసొప్పదు. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలబడి ఉన్న గోడను నిలబెట్టుకుంటే అంత మేరకు కొత్త సిమెంటు అక్కర్లేదు. అదొక్కటే కాదు. ఆ గోడ కట్టినవాళ్ల చెయ్యి, ఆ దూలం చెక్కిన వడ్రంగి చెయ్యి మనకు మళ్లీ దొరకవు.

కానీ పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఇది దేని కోసం కట్టారు? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మిగతా పని చాలావరకు దానంతట అదే తేలుతుంది. ఎందుకంటే ఇది మనుషుల కోసం కట్టింది కాదు. ధాన్యానికి చెవులు లేవు. ధాన్యానికి మరుగుదొడ్డి అక్కర్లేదు. గడ్డి మేళం పెట్టుకుని గంతులెయ్యదు. మంటలొస్తే ధాన్యం తలుపు వైపు పరుగెత్తదు. మనుషులు ఇవన్నీ చేస్తారు. ఈ తేడా ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుంటూ వెళ్లడమే మన పని.

మొదట బరువు సంగతి చూద్దాం. చాలామంది అటక ఎక్కి, నాలుగడుగులు గట్టిగా వేసి, "ఇది ఎంత బరువైనా మోస్తుంది, ఒకప్పుడు నిండా సరుకు ఉండేది" అంటారు. ఏం సరుకు? అది అడగాలి. వడ్లు ఒక ఘనమీటరు దాదాపు 600 కిలోలు తూగుతాయి. అటక మీద మీటరు ఎత్తున వడ్లు పోశారంటే, ప్రతి చదరపు మీటరు 600 కిలోలు మోసిందన్నమాట. అదే కట్టలు కట్టని వదులు గడ్డి అయితే ఘనమీటరు 70 కిలోలే. రెండు మీటర్లు పేర్చినా 140. ఇప్పుడు మనుషుల లెక్క చూడండి. ఇళ్లలో గదులకు ఇంజనీర్లు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు లెక్కేస్తారు. కుర్చీలు బిగించని సభాస్థలాలకు అది 500 కిలోలు అవుతుంది. చూశారా? వడ్ల అటక ఈ పరీక్షలో నెగ్గవచ్చు. గడ్డి అటక నెగ్గదు. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి.

నెగ్గవచ్చు అన్నాను గానీ, నెగ్గుతుంది అనలేదు, గమనించండి. ధాన్యం కదలదు. మనుషులు కదులుతారు, అందులోనూ పాటకు అందరూ ఒకే లయలో ఎగురుతారు. నిలకడగా ఉన్న బరువు కంటే లయలో పడే బరువు నేలను ఎక్కువ ఊపుతుంది. అందుకే నా సలహా తేలికైనది: కింది అంతస్తును జనానికి ఇవ్వండి, అటకను పుస్తకాల బీరువాలకో జనానికో ఇచ్చే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించండి. అవును, పుస్తకాలూ బరువే. ఆ విషయం చాలామంది మర్చిపోతారు.

ఇక దూలాలు. చెక్క దూలం మధ్యలో పాడవదు, చాలాసార్లు చివర పాడవుతుంది. గోడలోకి దూరిన చోట, పైనుంచి కారిన నీళ్లు చేరి ఆరకుండా ఉండే చోట. పైకి చూస్తే రంగు కూడా మారదు. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని, గోడకు ఆనుకున్న చోట దూలాన్ని పొడిచి చూడండి. గట్టి చెక్క అయితే మొన చర్మం మీద గీత పెట్టి ఆగిపోతుంది. పుచ్చితే అంగుళం లోపలికి పోతుంది, చేతికి అసలు ఆనదు, బయటికి తీస్తే గోధుమరంగు పొడి రాలుతుంది. తేమ కొలిచే చిన్న మీటర్లు ఉన్నాయి, ఖరీదు పెద్దగా ఉండదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే బూజు తినడం మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి. మరి చివర పుచ్చిన దూలాన్ని ఏం చెయ్యాలి? మొత్తం తీసేసి ఇనుప గర్డరు పెట్టేయమనే కాంట్రాక్టర్లు ఉంటారు. తొందరపడకండి. పుచ్చిన భాగం వరకు కోసి, అదే జాతి చెక్కను ఏటవాలుగా అతికి, బోల్టులు బిగించే పద్ధతి వందల ఏళ్లుగా ఉంది. మంచి వడ్రంగి దొరికితే మిగతా దూలం ఇంకో తరం మోస్తుంది. అయితే చివర ఎందుకు పుచ్చిందో ఆ కారణం, అంటే నీళ్లు కారే చోటు, ముందు మూసి తీరాలి. అది మూయకుండా కొత్త చెక్క పెడితే అదీ పుచ్చుతుంది.

గోడలు

ఇప్పుడు గోడల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

పశువుల కొట్టం గోడ దగ్గరికి వెళ్లండి. గాడి ఉన్న వైపు, మోకాలెత్తులో వేలితో రుద్దండి. తెల్లటి పొడి అంటుకుంటుంది. అది సున్నం అనుకుంటారు. సున్నం కాదు, అది ఉప్పు. దశాబ్దాల తరబడి పశువుల మూత్రం నేలలోకి, గోడలోకి ఇంకింది. అందులోని యూరియా అమ్మోనియాగా మారింది, దాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేట్లుగా మార్చాయి. ఇది ఎంత పాత సంగతంటే, తుపాకిమందుకు కావలసిన సురేకారం ఒకప్పుడు ఇలాంటి చోట్ల నుంచే తీసేవాళ్లు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లండులో రాజు మనుషులు జనం గుర్రపుశాలల్లో, పావురాల గూళ్లలో నేల తవ్వుకుని ఆ మట్టి పట్టుకుపోయేవాళ్లు. అంత ఉప్పు పడుతుందన్నమాట.

ఈ ఉప్పుతో చిక్కేమిటి? గాలిలో తేమ పెరిగినప్పుడల్లా ఇది నీళ్లు పీల్చుకుని కరుగుతుంది. ఎండ కాసినప్పుడు మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి, పైనున్న రంగును, ప్లాస్టరును బయటికి నెడుతుంది. మీరు ఎంత ఖరీదైన రంగు వేసినా ఏడాది తిరిగేలోపు పెచ్చులు లేస్తుంది. అప్పుడు ఎవరో వచ్చి "గోడ చెమ్మగా ఉంది, సిమెంటు పూత గట్టిగా వెయ్యండి" అంటారు. వేస్తారు. అక్కడితో గోడకు కష్టం మొదలవుతుంది.

పాత గోడ సున్నం అడుసుతో కట్టింది. సున్నం మెత్తగా ఉంటుంది, తేమను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. ఇటుక కంటే అడుసు మెత్తగా ఉండాలి, ఇది పాత మేస్త్రీల సూత్రం. తేమ అడుసులోంచి బయటికి పోతుంది, పాడైతే అడుసు పాడవుతుంది, దాన్ని మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు గట్టిది, తేమను పోనివ్వదు. సందుల్లో సిమెంటు నింపితే లోపలి తేమకు ఇటుకలోంచి తప్ప దారి ఉండదు. ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. సందుల్లో సిమెంటు మాత్రం పక్కటెముకల్లా నిలబడి ఉంటుంది. మీలో ఎంతమంది అలాంటి గోడ చూశారు? చూసే ఉంటారు.

కాబట్టి చేయాల్సింది ఇది. రంగు గీకేయండి. నేలలో ఉప్పు పట్టిన మట్టి తీసేయగలిగినంత తీసేయండి. గోడకు సున్నం ప్లాస్టరు వేసి, అది ఉప్పును లాక్కుని పాడైతే దాన్ని రాల్చేసి మళ్లీ వేయండి. ఇలా ఒకటి రెండు విడతలు చేస్తే ఉప్పు చాలా తగ్గుతుంది. ఓపిక కావాలి. తొందరగా ప్రారంభోత్సవం పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు, నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, గోడ ఆరడానికి టైమివ్వండి. ముందు చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేలా చేయండి, గోడ చుట్టూ పెరిగిన నేలమట్టం తగ్గించండి. ఈ రెండు పనులతోనే సగం చెమ్మ పోతుంది. వీటికి కావలసింది పార, గంప, నాలుగు చేతులు.

ఇంకో మాట. మందులు, ఎరువులు పెట్టిన మూల ఎక్కడో పాతవాళ్లను అడగండి. పాతకాలపు పురుగుమందుల్లో డీడీటీ లాంటివి కొన్ని ఏళ్ల తరబడి విరిగిపోకుండా ఉంటాయి. రేపు ఆ నేల మీద పిల్లలు పాకుతారు. ఆ మూల మట్టిని పరీక్షకు పంపండి. అలాగే పైన గబ్బిలాలు, పావురాలు చేరి రెట్ట పేరుకుని ఉంటే పొడిగా ఊడ్చకండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తుల్ని పట్టే శిలీంధ్రం ఉండవచ్చు. తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి. గుడ్లగూబ గూడు కనపడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. కొన్ని దేశాల్లో ఇది చట్టం. చట్టం లేని చోట కూడా ఆగడం మన ధర్మం.

పైకప్పు గురించి ఒక్క హెచ్చరిక చేసి ముందుకు వెళ్తాను. ముడతల రేకుల్లో చాలా పాతవి ఆస్‌బెస్టాస్ అనే రాతినార కలిపినవి. బ్రిటన్ 1999లో దీన్ని పూర్తిగా నిషేధించింది, యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 2005 నాటికి నిషేధం వచ్చింది. నిషేధించేలోపు వేసినవి ప్రపంచమంతా కొట్టాల మీద ఇంకా ఉన్నాయి. ఆ రేకులకు డ్రిల్లు పెట్టవద్దు, రంపంతో కోయవద్దు, ప్రెషర్ నీళ్లతో కడగవద్దు. ఆ నార గాల్లోకి లేస్తే కంటికి కనపడదు, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. వాటి మీద అడుగు కూడా పెట్టకండి, పాత రేకు మనిషి బరువుకు పుటుక్కున విరుగుతుంది. శిక్షణ ఉన్నవాళ్ల చేత తీయించండి. ఇక్కడ పొదుపు వద్దు.

తలుపులు

ఇక తలుపుల దగ్గరికి వద్దాం.

మీరు యూరప్‌లోని పాత ధాన్యపు కొట్టాల ఫోటోలు చూస్తే ఒక విషయం కనపడుతుంది. పొడవాటి గోడల మీద ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉంటాయి, బండి పట్టేంతవి. ఇంగ్లండులో 1426లో కట్టిన హార్మండ్స్‌వర్త్ కొట్టం దాదాపు 58 మీటర్ల పొడవు. దానికి బండి పట్టే పెద్ద తలుపులే మూడు ఉన్నాయి. ఎదురెదురు తలుపులున్న కొట్టాల్లో ఆ తలుపుల మధ్య నేల మీద నూర్పిడి చేసేవాళ్లు. రెండు వైపులా తీస్తే గాలి ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టేది. ఆ గాలికి తూర్పారబడితే పొట్టు ఎగిరిపోయి గింజలు కింద పడేవి. గాలి ఎటు వీస్తుందో చూసుకుని కట్టారన్నమాట.

ఇప్పుడు ఆ గాలి మనకు కావాలా, వద్దా? కావాలి. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 150 మంది కూర్చుంటే 15 కిలోవాట్లు. పదిహేను హీటర్లు వెలిగించి తలుపులు మూసినట్టు. గంటకు మనిషి నుంచి దాదాపు 50 గ్రాముల తేమ కూడా గాలిలో చేరుతుంది. 150 మందికి అది గంటకు ఏడు లీటర్ల పైమాటే. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? చల్లటి రేకుకు, గోడకు అంటుకుంటాయి, చెక్కలోకి పోతాయి. కట్టినవాళ్లు గాలి ఆడాలని వదిలిన సందులను, గోడ పైభాగంలో సన్నటి కంతలను చూడగానే మూసేస్తారు చాలామంది. మూయకండి. దోమలకు, పక్షులకు జాలి బిగించండి చాలు. ఎదురెదురు తలుపులున్న కొట్టానికి చాలా కాలాల్లో ఏసీ అక్కర్లేదు.

కానీ అవే పెద్ద తలుపులు ఇంకో పక్క ప్రమాదం. ఎందుకు? కొన్నిటిని లోపలికి లాగాలి, లేదంటే పట్టాల మీద పక్కకు జరపాలి. 1903 డిసెంబరు 30న చికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ తగలబడింది. 602 మంది చనిపోయారు. తలుపుల్లో కొన్ని తాళాలు వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. జనం తోసుకుంటూ వచ్చి మీద పడితే లోపలికి తెరుచుకునే తలుపు ఇక తెరుచుకోదు. తోస్తే చాలు తెరుచుకునే కడ్డీ ఉన్న తలుపులు ఆ తర్వాతి కాలంలోనే వాడుకలోకి వచ్చాయి. అందుకని పాత పెద్ద తలుపు అందానికి, గాలికి ఉండనివ్వండి. సభ జరుగుతున్నంతసేపూ దాన్ని తెరిచి కట్టేయండి. దాని లోపల గానీ పక్కన గానీ బయటికి తెరుచుకునే తలుపులు కనీసం రెండు, ఒకదానికొకటి దూరంగా పెట్టండి. రెండు తలుపులూ ఒకే గోడకు పక్కపక్కన పెడితే రెండున్నట్టు కాదు. ఇది దయచేసి రాసుకోండి.

గడప విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, కర్ర పట్టుకుని వచ్చేవాళ్లు పక్కదారిన కాకుండా అందరూ వచ్చే దారిలోనే లోపలికి రావాలి. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలి వాలు. గడప 30 సెంటీమీటర్లు ఎత్తుంటే వాలు 3.6 మీటర్లు. మరుగుదొడ్లు కొట్టం లోపల ఇరికించకండి. పక్కన చిన్న గది కొత్తగా కట్టి, మధ్యలో కప్పున్న నడవ వేయండి. పైపుల కోసం పాత గోడలు, పాత నేల తవ్వే పని తప్పుతుంది. వంటగదికీ ఇదే మాట, మంటను పాత చెక్కకు దూరంగా ఉంచినట్టూ అవుతుంది.

నిప్పు మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్తాను. ఇంగ్లండులో స్నేప్ అనే చోట బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే పాత కట్టడాలు ఉండేవి. 1965లో ఆ పని ఆగిపోయింది. సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్, ఆయన మిత్రులు అందులో పెద్దదాన్ని తీసుకుని సంగీత సభాస్థలిగా మార్చారు. 1967 జూన్‌లో రాణి వచ్చి ప్రారంభించింది. రెండేళ్లకు, 1969లో అక్కడి సంగీత ఉత్సవాల మొదటి రోజు రాత్రి అది కాలిపోయింది. పైకప్పు మొత్తం పోయింది, గోడలు మిగిలాయి. వాళ్లు ఏం చేశారు? మరుసటి ఏడాది ఉత్సవాల నాటికి ఆ గోడల మీదే మళ్లీ కట్టేశారు. రాణి మళ్లీ వచ్చింది. ఈ రోజుకీ అక్కడ కచేరీలు జరుగుతున్నాయి, ధ్వనికి పేరు పడ్డ హాలు అది. అంత తొందరగా లేచి నిలబడటానికి ఇటుక గోడలు ఒక కారణమైతే, రెండో కారణం అప్పటికే దాన్ని తమది అనుకున్న జనం.

ధ్వని

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. వెనకవాళ్లకు వినపడుతోందా అన్నాను కదా. గట్టి నేల, గట్టి గోడలు, ఎత్తైన రేకు కప్పు, లోపల ఖాళీ. ఇలాంటి చోట మాట్లాడితే మాట గోడలకు కొట్టుకుని తిరుగుతూ ఉంటుంది. మొదటి మాట చావకముందే రెండో మాట వస్తుంది. అప్పుడు అందరూ ఏం చేస్తారు? మైకు సౌండ్ పెంచుతారు. పెంచితే ఇంకా పాడవుతుంది.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక లెక్చర్ హాలులో ఎవరు పాఠం చెప్పినా అర్థం కావడం లేదు. దాన్ని సరిచేయమని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి చెప్పారు. ఆయన కొలిస్తే ఒక మాట అయిదున్నర సెకన్ల పాటు గదిలో తిరుగుతోంది. పక్కనున్న నాటకశాల నుంచి సీట్ల దిండ్లు రాత్రిళ్లు మోయించి, హాల్లో కొన్ని కొన్ని చొప్పున పరిచి, ప్రతిసారీ కొలిచి, తెల్లారేలోపు తిరిగి పంపించేవాడు. దిండ్లు బాగా పెరిగేసరికి ఆ సమయం సుమారు ఒక సెకనుకు దిగింది. ఎంత మెత్తటి వస్తువు ఉంటే ధ్వని అంత తొందరగా ఆగుతుందని లెక్క కట్టి సూత్రం రాశాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా అదే సూత్రంతో మొదలుపెడతారు.

మనకు దీని అర్థం? ఖరీదైన ఫాల్స్ సీలింగ్ అక్కర్లేదు. వెనక గోడకు మందపాటి గుడ్డ తెరలు, వాసాల మధ్య నార పలకలు, కింద చాపలు. జనం కూర్చుంటే వాళ్ల బట్టలు కూడా ధ్వనిని పీలుస్తాయి. ఒక సాయంత్రం నలుగురు వెళ్లి చప్పట్లు కొట్టి వినండి, తర్వాత దుప్పట్లు వేలాడదీసి మళ్లీ కొట్టి వినండి. తేడా చెవికే తెలుస్తుంది.

ఫాల్స్ సీలింగ్ అన్నాను కాబట్టి నా మనసులో మాట చెప్పేస్తాను. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. మంచి కొట్టాన్ని తీసుకుని, పైన సీలింగ్ కప్పి, కింద మెరిసే టైల్స్ వేసి, మధ్యలో గోడలు పెట్టి ఆరు గదులు చేస్తారు. అయిపోయాక అది ఎక్కడైనా ఉండే ఒక హాలు. మరి కొట్టం దేనికి తీసుకున్నట్టు? ఆ కట్టడం మనకిచ్చే ఒకే ఒక్క గొప్ప వస్తువు దాని లోపలి ఖాళీ. తలెత్తి చూస్తే దూలాలు, వాసాలు, పైన కప్పు, మధ్యలో ఏమీ లేదు. కొత్తగా అంత ఖాళీని కట్టడానికి ఇవాళ ఎవరూ డబ్బు పెట్టరు. దాన్ని ముక్కలు చేయకండి. గదులు కావాలంటే కదిలే తెరలు పెట్టుకోండి.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ రేవులో 1924లో పూర్తయిన ధాన్యపు గోదాము ఉంది. అది పొలం కొట్టం కాదనుకోండి, దాని పెద్దన్న. 42 కాంక్రీటు గొట్టాలు, ఒక్కోటి 33 మీటర్ల ఎత్తు. లోపల నిలబడటానికి చోటే లేదు, అంతా గొట్టాలే. 2017లో అది మ్యూజియంగా తెరుచుకుంది. అందులో ఏం చేశారంటే, ఒక మొక్కజొన్న గింజ ఆకారాన్ని పెద్దది చేసి, ఆ ఆకారంలో గొట్టాల మధ్య నుంచి కోసుకుంటూ పోయారు. అంత కష్టపడి వాళ్లు సాధించింది ఏమిటి? ఖాళీ. మనకు అది పైసా ఖర్చు లేకుండా ముందే ఉంది.

ఆస్ట్రేలియాలో పాత కట్టడాల సంరక్షణ నిపుణులు 1979లో బర్రా అనే ఊళ్లో కూర్చుని ఒక నియమావళి రాసుకున్నారు. దాని సారం: వాడుకోవడానికి ఎంత అవసరమో అంత చేయండి, మిగతాచోట వీలైనంత తక్కువ మార్చండి. నేను పనిచేసే ప్రతిచోటా దీన్నే పట్టుకుంటాను. ఇంకో కోరిక కూడా ఉంది. మీరు పెట్టే కొత్త వస్తువు రేపు ఎవరైనా విప్పాలంటే విప్పగలగాలి. మేకు కంటే బోల్టు మేలు.

ఎవరి చేతిలో ఉండాలి

కట్టడం సంగతి ఇంతవరకు. ఇప్పుడు మనుషుల సంగతి. ఇది చెప్పకుండా వెళ్తే నా మనసు కుదుటపడదు.

కొట్టం ఎవరిది? చాలాసార్లు ఒకరి సొంతం. "వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అని నోటిమాటగా అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ మీరు పైకప్పు వేశాక, గోడలు బాగుచేశాక, స్థలం ధర పెరిగాక, ఆయన తర్వాత పిల్లలు వచ్చాక ఆ మాట నిలుస్తుందా? కాగితం మీద రాసుకోండి. ఎన్నేళ్లు, ఎవరి పేరు మీద, రిపేర్లు ఎవరివి, మధ్యలో వద్దంటే పెట్టిన ఖర్చు సంగతేంటి. పైకప్పు మార్చేంత ఖర్చు పెడుతున్నప్పుడు అయిదేళ్ల ఒప్పందం మీద పెట్టవద్దు. అనుమతులు కూడా ముందే చూసుకోండి. వ్యవసాయ కట్టడాన్ని సభలకు వాడాలంటే చాలాచోట్ల వినియోగం మార్పు అనుమతి వేరేగా కావాలి, అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి.

ఇంగ్లండులోనే కాగెషల్ అనే ఊళ్లో గ్రేంజ్ బార్న్ అని ఉంది. యూరప్‌లో నిలిచి ఉన్న చెక్క చట్రపు కొట్టాల్లో బాగా పాతవాటిలో అదొకటి, దాదాపు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. అది కూలిపోయే దశకు వచ్చింది. ఊరివాళ్లు ట్రస్టు పెట్టుకుని వెంటపడ్డారు. చివరికి 1982లో స్థానిక కౌన్సిల్ చట్టప్రకారం దాన్ని స్వాధీనం చేసుకుంది, 1983 నుంచి 1985 వరకు బాగుచేశారు. తర్వాత పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతికి వెళ్లింది. డబ్బు, వడ్రంగి, చెక్క అన్నీ తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది వదలకుండా అడిగిన ఊరివాళ్లు.

అందుకే ప్లాను గీయించే ముందే అడగండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఒక్కరి దగ్గర ఉంటే ఆయనకు ఇష్టమైనవాళ్లే వస్తారు, ఆయన ఊరెళ్తే మూతపడుతుంది. ఆడవాళ్లు ఏ వేళలో వస్తారు, వచ్చి వెళ్లే దారిలో వెలుతురు ఉందా? పిల్లల వేళ, పెద్దల వేళ ఒకటే అయితే ఎవరు సర్దుకుంటారు? ఇదే కొట్టంలో ఒకప్పుడు కూలి పని చేసినవాళ్ల ఇళ్లవాళ్లు ఇప్పుడు లోపల కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడకుండా ఉంటారా? ఈ చివరి ప్రశ్న దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పిలిస్తే వస్తారులే అనుకోవద్దు. కమిటీలో మొదటి రోజు నుంచే వాళ్లుండాలి. ఎందుకంటే ఆ కొట్టం గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్లకే. ఏ మూల నీళ్లు కారతాయో, ఏ గుంజను ఎప్పుడు మార్చారో వాళ్లు చెప్తారు.

ఒకేసారి అంతా చేయకండి. కప్పు, నీటి దారి, కరెంటు, బయటికి తెరుచుకునే తలుపులు, మరుగుదొడ్లు. ఇవి చేసి, ఇంజనీరు సరే అన్నాక వాడటం మొదలుపెట్టండి. గోడలు గరుకుగా ఉన్నా ఫర్వాలేదు. ఒక ఏడాది వాడితే వేదిక ఎటువైపు ఉండాలో, ఎండ ఏ వేళ కళ్లలో పడుతుందో, జనం తమంతట తాము ఎక్కడ గుమిగూడతారో తెలుస్తుంది. కాగితం మీద ఏ ఆర్కిటెక్టూ అంత బాగా చెప్పలేడు. మిగతా డబ్బు అప్పుడు ఖర్చుపెట్టండి. ఉన్నదంతా మొదటి ఏడాదే పెట్టేయకుండా ఏటేటా నిర్వహణకు కొంత పక్కన పెట్టండి. ఒక నోటుపుస్తకం తలుపు పక్కన వేలాడదీసి, కప్పు ఎప్పుడు చూశారో, కాలువ ఎప్పుడు తీశారో, ఏ దూలం దగ్గర తడి కనపడిందో తేదీతో రాయండి. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఎవరో ఒకరు చూరు చుట్టూ తిరగాలి.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ఇక మీరు అడగండి. ఫోటోలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. కప్పు లోపలి వైపు ఫోటో, గోడ అడుగు ఫోటో ఉంటే అవి ముందు చూపించండి, ముందువైపు ఫోటో తర్వాత చూద్దాం.